బూట్‌కి ఎంత పెట్టాలి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటంటే, నేను కళ్ళారా చూసింది చెప్తే ఎవరూ నమ్మకపోవడం. చీకటన్నా ఒంటరిగా ఉండటమన్నా నాకు ఇంత భయం లేదు.

మా పిడుగుకి రెండున్నరేళ్ళు. అసలు పేరు వేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే పలకదు. నాలుగు నెలల కిందట ఒక పొద్దున గ్లాసులో చెంచా తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. చెంచా గాల్లోనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. నేను పిలిచాను, పలకలేదు. మనసులో ఎనిమిది లెక్కపెట్టేసరికి మళ్ళీ చెంచా తిరిగింది, ఏమీ జరగనట్టు.

మా ఆయనకి చెప్తే "ఏదో ఆలోచించుకుంటోందేమోలే, నీ కూతురేగా" అన్నారు. మా అత్తగారు ఫోన్లో "చంటిపిల్లలు అలాగే గుడ్లప్పగించి చూస్తారమ్మా. మీ ఆయనా చూసేవాడు. ఇప్పటికీ చూస్తాడు, పని చెప్పి చూడు" అన్నారు. నరాల డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ అక్కడ మా పిడుగు బల్లెక్కింది, బల్ల దిగింది, డాక్టరమ్మ కళ్ళజోడు లాగింది. ఒక్క క్షణం ఆగితే ఒట్టు.

"మీ మాట కొట్టిపారెయ్యట్లేదమ్మా" అన్నారు డాక్టరమ్మ. "కానీ నేను చూడాలి. వచ్చినప్పుడు ఫోన్లో తీయండి."

తీశాను. మొత్తం పదకొండు. ప్రతిదానికీ ఎన్ని క్షణాలు ఆగిందో రాసి పెట్టుకున్నాను. కొన్నిట్లో నా కంగారుకి సగం గోడే పడింది. నా ఫోన్లో రెండు వీడియోలు పట్టాక మూడోదానికి చోటుండదు, అందుకని తీసింది తీసినట్టు కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేసేదాన్ని. గురువారం పదకొండింటికి చూపించాలి.

సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్ లేవడం మానేసింది.

ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. అది మా పైవాటా పిన్నిగారు ఇచ్చింది. పిన్నిగారు ముప్పై ఏళ్ళు ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్ల గది చూసుకున్నారు. ఇప్పుడు ఒక్కరే ఉంటారు, మెట్ల మీద ఆడుకునే పిల్లలంతా మిషన్ పిన్ని అంటారు. నా చదువు పదకొండో తరగతి సగంలో ఆగిపోయింది. తమ్ముళ్ళిద్దరి చదువూ సాగాలంటే ఇంట్లో ఒకరి చదువు ఆగాలన్నారు, ఆగింది నాది. అప్పట్నుంచీ ఎవరైనా ఏదైనా విప్పి చూపిస్తే నేను అక్కణ్ణించి కదలను. పిన్నిగారు అది కనిపెట్టారు. "పాతదే గానీ పనిచేస్తుంది. విండోస్ బదులు లినక్స్ వేద్దాం, నా పక్కన కూర్చో" అన్నారు.

ఆ రోజు డిస్కుని అరలు అరలుగా విడదీశాం. బీరువాలో చీరలకో అర, కాగితాలకో అర ఉన్నట్టు. ఒకటి మిషన్ తన సామాను పెట్టుకునేది. ఒకటి నా వీడియోలకి, పేరు హోమ్. ఒకటి బూట్, మిషన్ లేచేటప్పుడు మొట్టమొదట చూసుకునేది. మొత్తం రెండు వందల యాభై జీబీ. వీడియోలు ఎవరి కంటా పడకుండా డిస్కుకి పాస్‌వర్డ్ తాళం కూడా వేశాం.

"బూట్‌కి ఎంత పెడదాం?" అన్నారు పిన్నిగారు.

"అందులో నేనేమైనా దాచుకోవచ్చా?"

"నీకు పనికొచ్చేదేం ఉండదు."

"అయితే తక్కువ పెట్టండి. వీడియోలకి కావాలి."

"మా రోజుల్లో వంద ఎంబీ చాలేది. పోనీ మూడు వందలు పెట్టు." పెట్టాను. ఆ మూడు వందలు పెట్టడానికి కూడా నాకు ప్రాణం ఉసూరుమంది.

లేచేటప్పుడు మిషన్‌కి ఒక జత ఫైళ్ళు కావాలట. దాని అసలు ప్రాణం కెర్నెల్, అదొకటి. దానికి తోడు నిద్ర లేపే సామానంతా మూట కట్టింది ఇంకొకటి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్త జత వస్తుంది. "పాతది ఒక్కటి ఉంచుకో. కొత్తది మొరాయిస్తే పాతది లేపుతుంది" అన్నారు పిన్నిగారు. ఒకటి ఉంచుకుంటే మంచిదైతే, అన్నీ ఉంచుకుంటే ఇంకా మంచిది కదా అనుకున్నాను నేను. మిషన్ తనంతట తాను పాతవి ఊడ్చేస్తుంది, అలా ఊడ్చకుండా ఒక్కోదానికీ కాపలా పెట్టాను. ఆ కిటుకు కూడా ఆవిడే నేర్పారు పాపం, ఇంకో పనికోసం.

సోమవారం అప్‌డేట్ పెడితే మధ్యలో ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: బూట్‌లో చోటు లేదు. తెరిచి చూశాను. మూడు జతలున్నాయి, నాలుగోది సగం లోపల, సగం బయట. నేను దేన్నీ పారేసే మనిషిని కాదు. మా ఇంట్లో పిడుగుకి పొట్టైన మొదటి జత మేజోళ్ళు కూడా ఉన్నాయి. అందుకని వాటిని తీసెయ్యలేదు. జరిపాను. మూడు జతలనీ, సగం వచ్చిన దాన్నీ కలిపి హోమ్‌లో 'పాతవి' అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టాను. ముందుగది ఇరుకైతే కుర్చీలు వెనకగదిలోకి జరుపుతాం కదా, అంతే అనుకున్నాను. ఇల్లు దాటి ఎక్కడికి పోతాయి? ఇక మళ్ళీ మొదలుపెడితే కొత్తది దర్జాగా వచ్చి కూర్చుంటుందని ఆపి, వెలిగించాను.

నల్లటి తెర. మీద తెల్లగా ఒక ముక్క: ఫైలు దొరకలేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. సాయంత్రం వచ్చి తెరకేసి, వెనక వైర్లకేసి చూసి "మా లిఫ్టైతే ఒకసారి మెయిన్ కట్టేసి పెడితే దారికొస్తుంది" అన్నారు.

"ఆరుసార్లు కట్టేశాను."

"అయితే ఇది లిఫ్ట్ కాదు" అని తేల్చి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళారు.

పిన్నిగారి దగ్గరికి పోవచ్చు. సిగ్గేసింది. ఆవిడ పాతది ఒకటి ఉంచుకోమంటే నేను అన్నీ ఉంచానని ఏ మొహంతో చెప్పను? మంగళవారం పొద్దున్నే కంప్యూటర్ని పిడుగు తోపుడుబండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పిడుగుని చంకనేసుకుని వీధి చివర రిపేర్ షాపుకి బయల్దేరాను. దారిలో ఒకావిడ "చంటిబిడ్డా?" అని దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పేసింది.

షాపతను వెలిగించి చూసి "ఫార్మాట్ కొట్టేస్తే సాయంత్రానికి కొత్తదానిలా లేస్తుంది" అన్నాడు.

"లోపల వీడియోలున్నాయి."

"డిస్కుకి తాళం వేసుంది మేడం. తాళం వేసింది మేం ముట్టుకోం. లోపలున్నవి పోతాయి, సంతకం పెట్టండి."

కాగితం నా ముందుకి తోశాడు. పెన్ను అందుకోలేదు. డాక్టరమ్మ ముందు చేతులూపుకుంటూ నిలబడి "నిజంగానే ఆగిపోతుందండీ" అని మళ్ళీ చెప్పడం కళ్ళముందు కనిపించింది. దుప్పటి కప్పేసి బండి వెనక్కి తిప్పాను. సిగ్గు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని రెండు విడతల్లో మెట్లెక్కాను, ముందు పిడుగు, తర్వాత మిషన్.

పిన్నిగారి గదిలో ఒక పొడుగాటి బల్ల, దానిమీద మూడు తెరలు, కిటికీ దగ్గర ఒక కుర్చీ, డబ్బా నిండా మరమేకులు. నేను చెప్పిందంతా చెయ్యి గడ్డానికి ఆనించుకుని విన్నారు. చివర్న అడిగారు, "ఏవీ తీసెయ్యలేదుగా?"

"లేదు. జరిపాను."

"ఎక్కడికి?"

"హోమ్‌లోకి."

ఆవిడ నవ్వు మొదలైంది. చిన్నగా మొదలై కళ్ళు తుడుచుకునేదాకా వెళ్ళింది. ఎందుకో తెలియక పిడుగు కూడా నవ్వింది. "తాళంచెవి పెట్టెలో పెట్టి, పెట్టెకి తాళం వేశావమ్మా" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది గానీ, దానికంటే ముందు అనుమానం వచ్చింది. "ఒకే డిస్కు కదండీ? ఈ అరలోంచి ఆ అరలోకి జరిపితే దానికి కనపడదా?"

"లేచిన తర్వాత కనపడుతుంది. లేస్తూ ఉన్నప్పుడు కనపడదు. నువ్వు బటన్ నొక్కినప్పుడు దానికేం తెలుసనుకున్నావ్? ఏమీ తెలియదు. డిస్కంతా తాళం, ఒక్క బూట్ అరకే తాళం లేదు. అందులో ఉన్న జత చదువుకుంటేనే, ఓహో ఇది ఫలానా మిషన్, పాస్‌వర్డ్ అడగాలి కాబోలు అని తెలుస్తుంది. అప్పుడు నిన్ను అడుగుతుంది."

"ఆ అరకి కూడా తాళం వేసేస్తేనో?"

"తాళం అడగడానికైనా ఒకడు మెలకువగా ఉండాలి కదే పిచ్చిపిల్లా."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్ని నెలల నుంచీ రోజూ వెలిగిస్తున్నాను, ఆ పాస్‌వర్డ్ అడుగుతున్నదెవరో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఇల్లంతా పడుకుని ఉంటే వాకిట్లో ఒక్కడే కూర్చుని 'ఎవరు?' అంటున్నాడన్నమాట. వాణ్ణి నేను తీసుకెళ్ళి లోపల పడుకోబెట్టాను.

"అయితే ఇప్పుడు మనం లోపలికెలా వెళ్తాం?"

"ఇంకో వాకిలి తెచ్చుకుంటాం" అని ఒక పెన్‌డ్రైవ్ తీశారు. దాన్నుంచి మిషన్‌ని లేపొచ్చట, మన డిస్కుతో పని లేకుండా. మూత తీయబోతే ఎడమచేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకున్నారు. మళ్ళీ జారింది. ఈసారి నేను తీసిచ్చాను.

లేచింది. పాస్‌వర్డ్ కొట్టాను. హోమ్ తెరిచాక లోపల 'పాతవి', దాని పక్కనే 'పిడుగు'. ఒకటి, రెండు, మూడు అని వేలుపెట్టి లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాను.

"ముందు ఇవి రెండు పెన్‌డ్రైవుల్లోకి. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర. ఆ తర్వాత జతల్ని వాటి చోటికి జరిపితే ఇప్పటికి లేస్తుంది. కానీ వచ్చే నెల మళ్ళీ ఇదే గోల. అరలు మొదట్నుంచీ వేసుకోవడం మంచిది" అన్నారు. "నేను చెప్పను. ఈసారి లెక్క నువ్వే వెయ్యి."

"నాకు లెక్కలు రావండీ."

"పిల్ల ఎన్ని క్షణాలు ఆగిందో ప్రతిసారీ రాసుకున్నావే, అది లెక్క కాదా? వెయ్యి. ఒక జత బరువెంతో ముందు చూడు."

చూశాను. కెర్నెల్ పన్నెండు ఎంబీ, మూట డెబ్బై ఎనిమిది. జతకి తొంభై. మూడు జతలు రెండు వందల డెబ్బై. నేనిచ్చింది మూడు వందలు. నాలుగోది ఎందుకు గుమ్మంలో ఇరుక్కుందో నా చేత్తో రాసిన అంకెల్లో కనిపించింది. అంతవరకూ మిషన్ నామీద కక్ష కట్టిందనుకున్నాను.

"ఇది నా తప్పు కూడాలే. మా కాలంలో ఆ మూట పదో పదిహేనో ఉండేది. పెరిగిన సంగతి తెలిసి కూడా నోటికి పాత లెక్కే వచ్చింది. సరే, ఎన్ని జతలుంచుతావు?"

"నడుస్తున్నది ఒకటి. మొరాయిస్తే లేపడానికి పాతది ఒకటి." ఆగాను. "కొత్తది వచ్చేటప్పుడు పాతవి ఇంకా అక్కడే ఉంటాయి కదా? అంటే మూడోదానికీ చోటుండాలి."

పిన్నిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆవిడకి నచ్చిందంటే అలా తోసుకుంటారు.

"అయితే ఐదు జీబీ పెట్టేద్దామండీ. ఎందుకైనా మంచిది."

"అదిగో. మొన్న మూడు వందలకే ఏడ్చింది నువ్వేనా? భయపడి కొలిస్తే ఇలాగే ఉంటుంది, అయితే గుప్పెడు, లేకపోతే గంప. జతని కొలిచావుగా, దాన్ని పట్టుకుని చెప్పు."

మళ్ళీ వేశాను. ఇప్పుడు తొంభై. మూట పెరుగుతుందన్నారు కాబట్టి రెండింతలు అనుకుంటే నూట ఎనభై. మూడు జతలకి ఐదు వందల నలభై. పైన ఒక జతకి ఊపిరాడేలా, ఏడు వందల ఇరవై. "వెయ్యి అనుకుందాం, అంటే ఒక జీబీ" అన్నాను.

"నేనూ అదే పెడతాను" అన్నారు.

నా జన్మలో నేను వేసిన లెక్క సరిపోయిందని ఎవరూ అలా మామూలుగా చెప్పలేదు.

ఆ ఊపులో పదకొండు వీడియోలూ కలిపి ఎంతో చూశాను. మూడు జీబీ కూడా లేవు. వీటికోసమా నేను రెండు వందల జీబీ కాపాడుకుని, వాకిలి దగ్గర పిసినారితనం చేసింది?

"మరి మిషన్ సొంత సామానుకి ఎంత పెట్టాలండీ?"

"దానికి ముప్పై చాలు. అందులో ముందు వచ్చేది..." అని పిన్నిగారు ఆగిపోయారు.

ఏదో గుర్తుచేసుకుంటున్నారని చూశాను. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది. కళ్ళు తెర మీదే ఉన్నాయి. నాకు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది, అలవాటైపోయింది కదా. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దగ్గర ఆవిడ "తీసుకో" అన్నారు.

"ఏం తీసుకోనండీ?"

"ఏం తీసుకోవడమేంటి? ముప్పై అన్నాగా, కొట్టు. ఏంటలా చూస్తావ్?"

ఏం లేదన్నాను. అప్పుడు నన్ను నేనే నమ్మలేదు. పిల్లని చూసి చూసి నాకు అందరిలోనూ అదే కనిపిస్తోందేమో అనుకున్నాను. పిడుగు ఆవిడ కుర్చీ కింద మరమేకుల డబ్బా బోర్లించింది, ఇద్దరం ఏరడంలో పడ్డాం.

బుధవారం కిందా పైనా తిరుగుతూ అంతా మళ్ళీ ఎక్కించాం. బూట్ ఒకటి, సామాను ముప్పై, మిషన్ పడుకునేటప్పుడు తన జ్ఞాపకాలు దాచుకోడానికి ఎనిమిది, మిగిలింది హోమ్. పాస్‌వర్డ్ అడిగినప్పుడు నేను కాసేపు కొట్టకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. వాకిట్లో ఉన్నవాడు మళ్ళీ వచ్చాడు.

కిందకి వచ్చే ముందు గుమ్మం దగ్గర నిలబడి అడిగేశాను. "పిన్నిగారూ, నిన్న మీరు మాట మధ్యలో ఆగారు. తొమ్మిది అంకెలు."

"ముసలి మిషన్ని, లోడ్ అవ్వడానికి టైం పడుతుంది."

"ఎడమచేతిలోంచి పెన్‌డ్రైవ్ రెండుసార్లు జారింది."

"నువ్వు నాకు డాక్టరువి ఎప్పుడయ్యావమ్మా?" నవ్వుతూనే అన్నారు, కానీ తలుపు కొంచెం ముందుగా మూశారు.

గురువారం డాక్టరమ్మ మొదటి వీడియో చూశారు. సగం గోడే. రెండోది చూశారు. మూడోదాంట్లో పిడుగు నీళ్ళ మగ్గు పట్టుకుని నిలబడి ఉంటుంది, మగ్గు ఒరిగి నీళ్ళు కాళ్ళమీద పడుతున్నా కదలదు. అది మూడుసార్లు తిప్పి తిప్పి చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి నావైపు చూశారు.

"చూశానమ్మా. మీరు మొదటిరోజు చెప్పింది ఇదే."

అంతే అన్నారు. మా ఆయన పక్కకి తిరిగి గోడమీద బొమ్మ చూశారు, ఆయన ఏడుపొస్తే అలా చూస్తారు. తలకి వైర్లు పెట్టి మూడు రోజులు గమనించాలన్నారు, మందులతో అదుపులోకొచ్చేదే కావచ్చన్నారు. అదే రోజు చేర్చుకున్నారు. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం. తలకి గుడ్డ చుట్టుకుని మా పిడుగు మంచం కడ్డీలు ఎక్కుతోంది. ఆ పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను.

నిన్న చేర్చే ముందు బట్టలకోసం ఇంటికెళ్ళినప్పుడు పైకి వెళ్ళి పిన్నిగారికి అంతా చెప్పాను. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. రెండో పెన్‌డ్రైవ్ నాకివ్వబోతూ దాన్ని ఎక్కడ పెట్టారో మర్చిపోయారు. అది ఆవిడ ఎడమచేతిలోనే ఉంది.

ఈ పొద్దున మా ఆయనని పంపాను. గుమ్మంలోంచే పలకరించి వచ్చారు. "శుభ్రంగా ఉన్నారే, నామీదే జోకులేశారు. నీకే ప్రతిదీ భూతద్దంలో కనిపిస్తుంది" అన్నారు. అర నిమిషంలో కనపడదు అది. మా పిడుగు డాక్టరమ్మ గదిలో అరగంట ఉన్నా కనపడలేదు కదా. ఈసారి నా దగ్గర వీడియో లేదు. నా మాట ఒక్కటే ఉంది. నేను ఆదివారం దాకా ఇక్కణ్ణించి కదలలేను.

అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆకుపచ్చ గేటు, సన్నటి మెట్లు, పైవాటాలో మూడు తెరల వెలుగు, ఆ ఇల్లు తెలిసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కసారి పైకి వెళ్ళండి. బాగున్నారా అని అడగొద్దు, బాగున్నానంటారు. లోపలికెళ్ళి కనీసం ముప్పావుగంట కూర్చోండి. బూట్‌కి ఎంత పెట్టాలండీ అని అడగండి, ఆవిడ ఆపకుండా మాట్లాడతారు. మధ్యలో ఆగితే లెక్కపెట్టండి, ఎడమచెయ్యి చూడండి. అప్పుడు నాకోసం ఆగొద్దు, ఆవిడ వద్దన్నా వినొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.